చెడిపోని పేజీ

ఉతికిన బట్టలు ఆరేయడం నాకు ఇష్టం. ఈ మాట బయటికి అంటే నా కాలేజీ స్నేహితురాళ్లు నాతో మాట్లాడటం మానేస్తారు, కానీ ఏం చేయను, నిజం. మా బాల్కనీలో గోడ నుంచి గోడకి మూడు తీగలు కట్టి ఉన్నాయి. మొదటి తీగ నిండిపోతే చేతిలో ఉన్న గుడ్డ దానంతటదే రెండో తీగ మీదికి వెళ్తుంది. దుప్పటి ఉన్న రోజు ఆ తీగ మీద ఇంకెవరికీ చోటుండదు. జేబురుమాళ్లయితే ఒక్క తీగే ఊరంతటికీ చాలుతుంది. అన్నిటికంటే నాకు నచ్చేది, మా ఆయన చొక్కా చెయ్యి గాలికి లేచి నా గౌను నడుం చుట్టూ పడటం. ఎదురింటివాళ్లు చూస్తారేమోనని సిగ్గేస్తుంది, అయినా రెండూ పక్కపక్కనే వేస్తాను. పెళ్లి కొత్తదనం ఇంకా పోలేదు. ఒకే గ్లాసులో రెండు టూత్‌బ్రష్‌లు చూసినా నాకు లోపల్లోపల నవ్వొస్తుంది. అత్తయ్య ముందు ఆయన్ని మీరు అంటాను, మా గది తలుపు వేయగానే నువ్వు అంటాను. ఆ ఒక్క గడప దాటితే మాట మారిపోవడం కూడా నాకొక ముచ్చటే.

“నాలుగు గుడ్డలు ఆరేయడానికి ఇంతసేపా అమ్మాయ్?” అన్నారు అత్తయ్య లోపల్నుంచి. “వాడి డబ్బా సర్దాలి, నీళ్ల సీసా నింపాలి. తర్వాత ఆఫీసు టైమైపోయిందని మళ్లీ నువ్వే పరుగులు పెడతావు.”

అత్తయ్య గొంతులో కోపం ఉండదు. ఆవిడ నన్ను ఎప్పుడూ తిట్టలేదు. ఈ ఇంట్లో ప్రతి గిన్నెకీ, ప్రతి చెంచాకీ నేను రాకముందే ఒక చోటుంది. నేను ఎక్కడైనా తప్పు చోట పెడితే ఆవిడే ఓపిగ్గా వచ్చి, తీసి, దాని చోట్లో పెడతారు. ఒక్క మాట అనరు. ఒకసారి చేతికి అందుతుందని ఉప్పు డబ్బా పొయ్యికి దగ్గరగా జరిపాను. సాయంత్రానికి అది పాత చోటికి వెళ్లిపోయింది. మర్నాడు మళ్లీ జరిపాను. మళ్లీ వెళ్లిపోయింది. ఆ డబ్బా గురించి మేమిద్దరం ఈనాటికీ ఒక్క మాట మాట్లాడుకోలేదు, కానీ గెలిచింది ఎవరో డబ్బాకి తెలుసు.

ఆ ఉదయం తడి దుప్పటి చేతుల్లో పట్టుకుని, మూడో తీగ మీద ఎంత జాగా ఉందో చూస్తూ అలాగే నిలబడిపోయాను. బట్టలకి నేను ఏమీ చెప్పడం లేదు. తీగ ఎంత పొడవని అవి నన్ను అడగడం లేదు. చోటుంటే పక్కన, లేకపోతే తర్వాతి తీగ. మరి ఆఫీసులో నా వెబ్ పేజీకి మాత్రం ప్రతిదీ నేనే ఎందుకు చెప్పి చావాలి? దుప్పటి నీళ్లు కారి పాదాలు తడిసిపోయాయి. నాకు ఎంత ఉత్సాహం వచ్చిందంటే, మా ఆయన డబ్బాకి మూత పెట్టడం మర్చిపోయి అలాగే సంచీలో పెట్టేశాను.

నేను వెబ్ పేజీలు కడతాను. బొమ్మ ఎక్కడుండాలి, దాని కింద అక్షరాలు ఎంత లావుండాలి, కొనండి అనే మీట ఎటువైపు రావాలి, ఇవన్నీ సీఎస్ఎస్ అనే భాషలో రాయడం నా పని. అప్పట్లో నా చేతిలో ఉన్నది ఒక ఆటబొమ్మల దుకాణం వెబ్‌సైటు. నాకంటే ముందున్నవాళ్లు దాన్ని పాత పద్ధతిలో కట్టారు. తెర ఇంత వెడల్పుంటే బొమ్మలు వరుసకి ఒకటి, అంతుంటే రెండు, ఇంకాస్త ఉంటే మూడు, ఇలా ఒక్కో వెడల్పుకీ ఒక్కో షరతు. ఈ షరతుల్నే మీడియా క్వెరీలంటారు. బజారులోకి కొత్త ఫోను వచ్చిన ప్రతిసారీ అది ఏ షరతుకీ అమరక, రెండింటి మధ్యా ఇరుక్కునేది. ఎలుగుబంటి బొమ్మకి తల తెగిపోయేది, మీట వెళ్లి ధర మీద కూర్చునేది. అప్పుడు ఆ ఫోను కోసం ఇంకో షరతు రాసేవాళ్లం. అలా పెరిగి పెరిగి ఆ ఫైలు, అతుకులు తప్ప అసలు గుడ్డ కనిపించని బొంతలా తయారైంది.

ఎక్కడ చెడిందో పట్టుకునేది మా టెస్టరు. ఆఫీసులో అందరికంటే వయసులో పెద్దావిడ. ఆవిడ బల్ల సొరుగు నిండా ఫోన్లు, కొత్తవీ పాతవీ అద్దం పగిలినవీ. అందుకే అందరూ ఫోన్లక్క అంటారు. ప్రతి ఫోనులో పేజీ తెరిచి, చెడినచోట ఫోటో తీసి, దాని మీద ఒక కార్డు రాసి గోడమీది పెద్ద తెరలో పెడుతుంది. ఆ కార్డు మీద నా పేరు పడుతుంది. నేను బాగుచేయగానే కార్డు కుడివైపుకి జరుగుతుంది. మా మేనేజరు రోజూ పొద్దున్నే కాఫీ కప్పుతో ఆ తెర ముందు నిలబడతాడు. ఎవరి కార్డులు ఎన్ని జరిగాయో చూసి, ఎవరు ఎంత కష్టపడుతున్నారో అక్కడికక్కడే తేల్చేస్తాడు. ఆ గదిలో కిటికీ పక్కన ఒక మొక్క ఉంది. దానికి ఎవరూ నీళ్లు పోయరు కాబట్టి నేను పోస్తాను. దానికి కార్డు లేదు.

ఆఫీసుకి వెళ్లగానే ఆ బొంత విప్పడం మొదలుపెట్టాను. వారం పట్టింది. షరతులన్నీ పీకేసి, బొమ్మల పెట్టెలకి ఒక్క వాక్యం చెప్పాను: మీలో ఎవరూ ఇంతకంటే ఇరుకు కావద్దు, ఆపైన ఎంత చోటుంటే అంత సమానంగా పంచుకోండి, పట్టకపోతే కింది వరుసకి దిగండి. అక్షరాలకి ఇంకో వాక్యం: ఇంతకంటే చిన్నవి కావద్దు, ఇంతకంటే పెద్దవి కావద్దు, ఈ మధ్యలో తెరతో పాటు పెరగండి, తగ్గండి. పేరు బొమ్మ పక్కన రావాలా కింద రావాలా అన్నది మొత్తం తెరని కాక తనకి దొరికిన చోటుని చూసుకుని తేల్చుకోమని ప్రతి పెట్టెకీ చెప్పాను. పైనున్న మెనూకి మాత్రం ఒక్క షరతు ఉంచాను, దానికి నిజంగానే అవసరం. ఇంతే. అంత లావు ఫైలు చిక్కి చిక్కి ఒకే తెరలో పట్టేసింది. ఇప్పుడు కంప్యూటర్లో ఆ పేజీ అంచు మౌస్‌తో పట్టుకుని మెల్లగా లోపలికి లాగాను. నాలుగు బొమ్మల వరుస మూడైంది, మూడు రెండైంది, రెండు ఒకటైంది. ఎక్కడా కుదుపు లేదు. బెంచీ మీద పిల్లలు కాస్త జరగండ్రా అనగానే జరిగి కూర్చున్నట్టు జరిగాయి. మళ్లీ బయటికి లాగాను. మళ్లీ లోపలికి. ఉయ్యాల ఊపినట్టు ఎంతసేపు ఆడుకున్నానో తెలియదు.

“ఖాళీగా ఉన్నట్టున్నారు,” అన్నాడు మేనేజరు నా కుర్చీ వెనక నుంచి. “క్లయింట్లు వస్తున్నారు, టీ సంగతి కాస్త చూడండి. మీరైతే పద్ధతిగా పెడతారు.”

టీ పద్ధతిగానే పెట్టాను. ఆ సంతోషంలో నాకు అదేమీ తప్పుగా అనిపించలేదు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర కంచాలు జరుపుతూ మా ఆయనకీ అత్తయ్యకీ అంతా చెప్పాను. పెద్ద బల్లయితే కంచాలన్నీ ఒకే వరుస, చిన్న బల్లయితే రెండు వరుసలు, ఎవరికి ఎంత చోటో కంచాలే చూసుకుంటాయి, మనం ఒక్కసారి చెబితే చాలు అన్నాను. మా ఆయన తినడం ఆపి మరీ విన్నాడు. నేను ఏదైనా ఉత్సాహంగా చెబుతుంటే ఆయన కళ్లలో ఒక నవ్వు కదులుతుంది, ఆ నవ్వు కోసమే నేను సగం కబుర్లు చెబుతాను.

“అంటే ఎవరూ పక్కనుండి చెప్పక్కర్లేకుండా అవే సర్దుకుంటాయన్నమాట,” అన్నారు అత్తయ్య.

“అవునత్తయ్యా.”

“మరింక వాటికి నువ్వెందుకమ్మా?”

మా ఆయనకి నవ్వుతో పొలమారింది. నేను లేచి నెత్తిమీద తట్టాను, నీళ్లు అందించాను, నేనూ నవ్వాను. నిజంగానే నవ్వొచ్చింది. గిన్నెలు కడుగుతున్నప్పుడు మాత్రం ఆ మాట మళ్లీ గుర్తొచ్చింది. ఈసారి నవ్వు రాలేదు, అలాగని బాధా రాలేదు. చెప్పులో ఇసుక రేణువులా ఎక్కడో తగిలింది.

కొత్త పేజీ జనంలోకి వెళ్లింది. గోడమీది తెరలో నా పేరు కింద కార్డులు తగ్గాయి. తర్వాత అసలు రావడమే మానేశాయి. ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే మా ఆయనతో చెప్పాను: “ఈ వారం నా పేరు మీద ఒక్క కార్డూ లేదు తెలుసా.”

“అబ్బో. అయితే హాయిగా కూర్చుంటున్నావన్నమాట, దొరసానిలా,” అన్నాడు నా జడ లాగి.

నేను మురిసిపోయాను. ఎవరైనా ఇంటికొస్తే ఆయన నన్ను మా ఆవిడ బొమ్మలు సర్దే ఉద్యోగం చేస్తుంది అని పరిచయం చేస్తాడు, దానికీ మురిసిపోయేదాన్ని. ప్రేమగా అంటే ఏ మాటైనా ముద్దుగానే ఉంటుంది. ఆయనా మా మేనేజరూ ఆదివారాలు ఒకే కోర్టులో షటిల్ ఆడతారు. నేను ఇంట్లో చెప్పిన ముచ్చట అక్కడిదాకా నడుచుకుంటూ వెళ్తుందని నాకు తట్టనే లేదు.

మేనేజరు నన్ను గదిలోకి పిలిచిన రోజు, మెచ్చుకోవడానికే అనుకుని వెళ్లాను.

“సైటు బాగా నడుస్తోంది. క్లయింటు కూడా సంతోషంగా ఉన్నాడు.”

“థాంక్సండీ.”

“అందుకే ఆలోచించాం. వచ్చే నెల నుంచి మీకు సగం రోజు చాలు. మధ్యాహ్నం ఇంటికెళ్లిపోవచ్చు. ఆ తర్వాత మీ కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెడతాం, మనకి చోటు తక్కువ కదా.”

జీతం కూడా సగమేనని ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఇంకేదో అడిగాను. సైటు అలా నడవడానికి నేను చేసిన పనే కారణం కదండీ అన్నాను.

“అదే కదా, అయిపోయింది కదా. మీ వారు కూడా అదే అన్నారు, ఇంట్లో అమ్మగారికి తోడుంటుందని. ఆఫీసులో పనేం లేదని మీరే చెప్పారట.”

“పని లేదనలేదండీ. కార్డులు లేవన్నాను.”

ఆయన ఏమీ అర్థం కానట్టు చూశాడు. “రెండూ ఒకటే కదమ్మా,” అన్నాడు.

ఆ సాయంత్రం మా ఆయన ఐస్‌క్రీం తెచ్చాడు, నాకిష్టమైనదే. గదిలోకొచ్చి తలుపు వేశాక అడిగాను. “మీరు ముందు నాతో ఒక్క మాట అనొచ్చు కదా.”

“మీరేంటి కొత్తగా? అమ్మ లేదుగా ఇక్కడ,” అని నవ్వాడు. నేనూ అప్పుడే గమనించాను. నోటికి నువ్వు రాలేదు.

“నీకోసమే కదా,” అన్నాడు నా చెయ్యి పట్టుకుని. “పొద్దున్నే నువ్వు అలా పరుగులు పెడుతుంటే చూడలేకపోతున్నాను. నేను వచ్చేసరికి నువ్వు ఇంట్లో ఎదురొస్తే ఎంత బాగుంటుందో ఆలోచించు.”

ఆలోచించాను. నిజంగానే బాగుంటుంది. ఆయన మెట్లెక్కే చప్పుడు వినపడగానే తలుపు తీయడం, సంచీ అందుకోవడం, ఆ నవ్వు. భయమేసింది కూడా అందుకే. మాటలతోనో చేతులతోనో కొట్టే మనిషయితే తోసెయ్యొచ్చు. ఐస్‌క్రీం తెచ్చిన మనిషిని ఏమని తోసేస్తాను? ఆ ఇంట్లో ఉప్పు డబ్బా కూడా నా మాట వినదని, రోజు మొత్తంలో ఒక వస్తువు ఎక్కడుండాలో నేను తేల్చే చోటు ఆ ఒక్క కుర్చీయేనని, ఆ చోటు సగమైతే మిగిలిన సగం కూడా ఎంతో కాలం నిలవదని ఆయనకి చెప్పడానికి మాటలు వెతికాను. నా నోటికి వచ్చింది మాత్రం, “ఇంట్లో కూడా పని ఎక్కువే కదా, రెండూ అంటే” అని. అది నేను చెప్పాలనుకున్న మాటే కాదు.

“ఇంట్లో పనేముంది? అన్నీ వాటంతటవే జరిగిపోతున్నాయిగా,” అన్నాడు ఆయన, ఇస్త్రీ చేసి తలుపుకి తగిలించిన మర్నాటి చొక్కా పక్కకి జరిపి తువ్వాలు తీసుకుంటూ.

అందులో వెటకారం లేదు. ఆయన కళ్లకి అలాగే కనిపిస్తోంది. అప్పుడు నాకు అర్థమైంది, నేను ఎంత బాగా చేస్తే అంతగా కనిపించకుండా పోతానని. ఇల్లయినా అంతే, పేజీ అయినా అంతే. కంచం వేళకి కంచం, చొక్కా వేళకి చొక్కా, ఏ ఫోనులో తెరిచినా ఎలుగుబంటికి తల. ఏదీ తప్పనప్పుడు అక్కడ ఒక మనిషి ఉన్నట్టు ఎవరికి తెలుస్తుంది? ఐస్‌క్రీం కరిగిపోతోందని ఆయన నాకు ఒక చెంచా నోటికి అందించాడు. తిన్నాను. చాలా బాగుంది.

మర్నాడు చేతులు కడుక్కునే చోట ఫోన్లక్క కలిసింది. “నాకూ చెప్పారు, వచ్చే నెల నుంచి రానక్కర్లేదని,” అంది అద్దంలోనే నన్ను చూస్తూ. “పట్టుకోవడానికి ఏమీ లేనప్పుడు పట్టుకునేదాన్నెందుకు మేపడమని. ఆ మాట అనలేదులే, మర్యాదగానే చెప్పారు.”

“నావల్లే కదక్కా.”

“నీ పేజీని నా ఫోన్లన్నిటిలో తిప్పి తిప్పి చూశాను. అడ్డంగా తిప్పాను, నిలువుగా తిప్పాను, అక్షరాలు పెద్దవి చేసి చూశాను. ఎక్కడా చెడలేదు. ఎంత ముచ్చటేసిందో తెలుసా? ఇన్నేళ్లలో అట్లాంటి పేజీ చూళ్లేదు నేను.” చేతులు తుడుచుకుంది. “ఒకటో రెండో తప్పులు వదిలి ఉండాల్సింది పిల్లా.”

నా పేజీని పూర్తిగా చూసిన మనిషి ప్రపంచంలో ఆవిడొక్కతే. ఆవిడ నోటి నుంచే ఆ రెండు మాటలూ వచ్చాయి. ముచ్చటేసిందన్న మాట దగ్గర కళ్లల్లో నీళ్లు తిరిగాయి, తర్వాతి మాటకి ఆగిపోయాయి.

మధ్యాహ్నం ఫైలు తెరిచాను. కొట్టుకి నష్టం రాకూడదు, కొనేవాళ్లకి కష్టం కాకూడదు, కానీ ఫోన్లక్క కంటికి కనపడాలి. చెడగొట్టడానికి కూడా చెయ్యి తిరిగి ఉండాలని అప్పుడే తెలిసింది. అటు చిన్నా కాని, ఇటు పెద్దా కాని ఒక ఫోను వెడల్పు ఎంచుకుని, ఆ వెడల్పులో మాత్రం పెట్టెలు రెండేసి రావాలని ఒక షరతు రాశాను. అక్కడ రెండేసి పెట్టెలు పట్టవు. పేజీ అంచు పట్టుకుని లాగి చూశాను. నాలుగు, మూడు, రెండు, హాయిగా వస్తూ వస్తూ సరిగ్గా అక్కడికి రాగానే తడబడింది. ఎలుగుబంటి తల తెర బయటికి పోయింది. మళ్లీ లాగి చూడబుద్ధి కాలేదు.

సాయంత్రానికి గోడమీది తెరలో కార్డు వచ్చింది, నా పేరుతో. ఫోన్లక్క నా వైపు చూడలేదు, నేను ఆవిడ వైపు చూడలేదు. దాన్ని బాగుచేసి ఇంకో చోట తప్పు పెట్టాను. ఆ తర్వాత అక్షరాల్లో. ఆ తర్వాత మీట దగ్గర. మేనేజరు పొద్దున్నే తెర ముందు ఎక్కువసేపు నిలబడటం మొదలుపెట్టాడు. నెలాఖరుకి అందరినీ పిలిచాడు.

“ఈ సైటు సంగతి చూశారా? కొత్త పద్ధతి, షరతులు అక్కర్లేదు అన్నారు. కొన్నాళ్లు బాగానే ఉన్నట్టుంది, ఇప్పుడు రోజుకో చోట పగులుతోంది.” నా వైపు తిరిగాడు. “పాతదే పద్ధతి. ఒక్కో ఫోనుకీ విడిగా రాసుకుంటూ మొత్తం మళ్లీ కట్టండి. సగం రోజుతో ఇది తెమలదు, ఆ సంగతి ఇప్పట్లో లేదనుకోండి. ఇకమీదట ఏ సైటుకైనా ఈ ప్రయోగాలు వద్దు. ఆ షరతులు తీసేయడమే తప్పని ఒప్పుకుంటారా?”

అందరూ నన్నే చూస్తున్నారు. ఫోన్లక్క ఒక ఫోను అద్దాన్ని కొంగుతో తుడుస్తోంది, ఎప్పుడో శుభ్రమైన అద్దాన్ని. ఆ పేజీ తనంతట తాను ఎక్కడా చెడలేదని, చెడగొట్టింది నా చేతులేనని ఒక్క మాటంటే పేజీ గెలుస్తుంది, మేమిద్దరం వచ్చే నెల ఇంట్లో ఉంటాం.

“అవునండీ,” అన్నాను. “నా పద్ధతే తప్పు.”

కుర్చీ నాకే మిగిలింది, పొద్దున్నుంచి సాయంత్రం దాకా. అందులో కూర్చుని మా ఆయనకి ఫోన్ చేశాను. మొత్తం మళ్లీ కట్టమన్నారు, ఫుల్ డేనే ఉంచారు, ఇవాళ రావడం ఆలస్యమవుతుంది అని చెప్పాను.

“పాపం,” అన్నాడు. ఆ గొంతులో ఎంత జాలి ఉందో. “ఎంత పని పెట్టారు నీకు. నువ్వొచ్చి వంటా గింటా అనకు, నేను బయట్నుంచి ఏదో ఒకటి తెస్తాలే. అమ్మకి కూడా చెబుతాను, నీకక్కడ చాలా పనుందని.”

పెళ్లయ్యాక ఆయన నోట నా పనిని పని అనగా వినడం అదే మొదటిసారి. సిగ్గులేకుండా చెబుతున్నాను, నాకు ఎంత సంతోషమేసిందంటే, ఆ సంతోషం ఆరకముందే ఆ చిన్న ఫైలుని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఎంచుకుని తుడిచేశాను.